బీరువాలో నిద్రపోతున్న హార్డ్ డిస్క్ గారికి

మహారాజశ్రీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరూ క్షేమమేనని తలుస్తున్నాం. తలవడమే గానీ చూసిందెవరు? మిమ్మల్ని కంప్యూటర్‌కి తగిలించి ఏళ్లయింది.

మీ నెత్తిన ‘బ్యాకప్ – శాశ్వతం’ అని చీటీ అంటించారు. ఆ చీటీని నమ్మి అసలు ఫైళ్లు చెరిపేశారు. అంటే మీరిక బ్యాకప్ కాదు, మిగిలిన ఒక్కగానొక్క కాపీ. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో అన్న సూత్రం మీ గడప తొక్కనే లేదు.

మీలో ఒక్క బిట్ (0 గానీ 1 గానీ) తిరగబడినా మీరు నోరు మెదపరు. దాన్ని పట్టుకోవాలంటే ఫైలు చేరిన రోజే ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) తీసి, ఆ 64 అక్షరాల వరసను మీ కడుపులో కాకుండా వేరేచోట దాచి, ఏడాదికోసారైనా మళ్లీ లెక్కగట్టి పోల్చాలి. తేడా వస్తే రెండో కాపీతో సరిచేయాలి (అదంటూ ఉంటే!). పాడయ్యాక తీసిన చెక్‌సమ్ పాడైన ఫైలుకే రాజముద్ర వేస్తుంది.

చెక్‌సమ్ పొల్లుపోకుండా కలిసినా సంబరపడకండి. మీలోని పాత తెలుగు ఫైళ్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే ప్రమాణం) రాకముందు ఫాంట్లలో కొట్టినవి. వాటిలో మన అక్షరాలు ఇంగ్లిష్ కోడ్‌ల కుర్చీల్లో కూర్చున్నాయి. ఆ ఫాంట్ లేకపోతే ఫైలు భేషుగ్గా తెరుచుకుంటుంది, లోపల తెలుగే ఉండదు. ఫాంట్‌ని పొదిగి పీడీఎఫ్/ఎ (దీర్ఘకాలం దాచడానికి చేసిన పీడీఎఫ్ రకం) చేస్తే కంటికి బాగానే ఉంటుంది. లోపలి కోడ్‌లు ఇంకా ఇంగ్లిష్‌వే కాబట్టి వెతికితే ఒక్క పేరు దొరకదు. ఫాంట్ చేతిలో ఉండగానే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ గుణింతాలూ కళ్లతో సరిచూసి, మూల ఫైలునీ పక్కనే ఉంచాలి.

మీ దాయాది టేపు గారి తీరు వేరు. ఆయన గట్టివారే, ఆయన్ని చదివే డ్రైవే ముందు పోతుంది. ఎల్‌టీఓ అనే డేటా టేపుల్లో అంకె తరాన్ని చెబుతుంది: ఎల్‌టీఓ-8 డ్రైవ్ ఎల్‌టీఓ-7 టేపును చదువుతుంది, ఎల్‌టీఓ-6ని చదవదు.

సరే, రేపు మిమ్మల్ని లేపుతున్నాం. రైట్ బ్లాకర్ (డిస్క్ మీద ఏదీ రాయనివ్వని పరికరం) మీదుగానే. లేకపోతే విండోస్ మిమ్మల్ని చూడగానే తన ఫోల్డరొకటి రాసిపెడుతుంది. లోపల టిక్కు టిక్కుమంటే వెంటనే కరెంటు తీసేస్తాం. పట్టుబట్టి తిప్పితే డేటా చదివే హెడ్డు, ఆ డేటా ఉండే పళ్లెం ప్లాటర్‌ని గీకేయొచ్చు.

ఒక్క మనవి. మీకు కావలసింది 12 వోల్టుల అడాప్టర్. పెట్టెలో మూడు దొరికాయి, మూడింటి పిన్నులూ మీకు పడుతున్నాయి. వాటిలో ఒకటి లాప్‌టాప్‌ది, 19 వోల్టులు. ఏది ఏదో తెలియకుండా మూడింటి మీదా అంకెలు చెరిగిపోయాయి. మీది ఏదో చెబుతారా, వోల్టులు కొలిచే మల్టీమీటర్ కోసం మనిషిని పంపమంటారా?

ఇట్లు,
రికార్డుల గది సిబ్బంది