అంతఃప్రేరణ ఉదయం ఏడులోపు రావాలి

నెల్లూరులో రోహిణి కార్తె నడుస్తున్నప్పుడు ఏ వస్తువునూ పోలని బొమ్మలు వేసే నైరూప్య చిత్రకారుడికి అంతఃప్రేరణ ఉదయం ఏడులోపు రావాలి. పదకొండుకు వస్తే వాకిట్లోనే నిలబెట్టి సాయంత్రం రమ్మనాలి. ఇది దైవాజ్ఞ కాదు, యాక్రిలిక్ రంగు ఆజ్ఞ. అందులోని నీరు ఆవిరి కాగానే ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. ఆ పొరను మళ్ళీ నీళ్ళతో కరిగించడం బ్రహ్మ తరం కూడా కాదు. ఫ్యాను కింద, ఆ ఎండల్లో, పళ్ళెంలో పల్చగా పరిచిన రంగుకు ఐదు నిమిషాల ఆయుష్షు దక్కితే అదృష్టమే. చిత్రకారుడు కళ్ళు మూసుకుని తన లోలోతుల్లోకి దిగి, అక్కడ ఒక నీలాన్ని పట్టుకుని పైకి వచ్చేసరికి, పళ్ళెంలో ఉన్న నీలం గోటితో గీకితే తప్ప రానంటుంది.

ప్రదర్శన కరపత్రాల్లో ఈ సంగతి ఉండదు. అక్కడ ‘కాన్వాసే నన్ను నడిపించింది’ అని ఉంటుంది. నిజంగా నడిపించినవి నీళ్ళ స్ప్రే సీసా, పళ్ళెం అడుగున తడిపిన టిష్యూ, దాని మీద బటర్ పేపరు, రంగు త్వరగా ఆరకుండా కలిపే రిటార్డరు. రిటార్డరు వంతు పది పదిహేను శాతం దాటితే రంగు రోజుల తరబడి జిగటగానే ఉండి, దుమ్మునూ దోమల్నీ ఆహ్వానిస్తుంది. దోమలు కూడా కూర్పులో భాగమేనని వాదించేవాళ్ళు ఉన్నారు. నెల్లూరు దోమలకున్న పేరు చూస్తే ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఏ ముందాలోచనా లేకుండా తొలి గీత పడాలన్నది ఈ మతంలో మొదటి సూత్రం. ఆ ముందాలోచన లేని గీతకు ముందు చేయవలసిన ఆలోచన కొంచెం ఉంది. కాన్వాసు గుడ్డ బిగించే మూడు నాలుగడుగుల ఫ్రేముకు అంగుళంన్నర మందమున్న, బాగా ఆరిన కర్ర కావాలి. పచ్చికర్ర అయితే మెలి తిరిగి ఒక మూల గోడను వదిలేస్తుంది. లోపలి అంచును వడ్రంగి చేత ఏటవాలుగా చెక్కించాలి, లేకుంటే గుడ్డ అక్కడ ఒరుసుకుని చుట్టూ గీత తేలుతుంది. మూడడుగులు దాటితే మధ్యలో అడ్డకర్ర తప్పదు. పిన్నులు నాలుగు వైపులా నడిమిన ఒక్కొక్కటి కొట్టి, అక్కణ్ణుంచి ఎదురెదురుగా లాగుతూ మూలలకు పోవాలి. మూల నుంచి మొదలుపెట్టినవాడికి ఐమూలగా ముడత పడుతుంది, దానికి ఏ తాత్వికతా పనిచేయదు. మైపాడు, కొత్తపట్నం తీరాన ఉప్పుగాలి మామూలు పిన్నుల్ని తుప్పు పట్టిస్తుంది కాబట్టి అక్కడ స్టెయిన్‌లెస్ వాడాలి. తర్వాత జెస్సో అనే తెల్లటి అడుగురంగు ఒక పూత అడ్డంగా, ఆరాక 220 నంబరు ఉప్పుకాగితం, మరో పూత నిలువుగా. జెస్సో ఖరీదని సుద్దపొడిలో తెల్లజిగురు కలిపి పూసేవాళ్ళకు బొమ్మను చుట్ట చుట్టిన రోజున దాని అసలు ఖరీదు తెలుస్తుంది. ఇవన్నీ ముగిశాక, చిత్రకారుడు శూన్యం నుంచి మొదలుపెడతాడు.

శూన్యం నుంచి నేరుగా పొలాక్‌కు వెళ్ళడం ఆనవాయితీ. అమెరికన్ నైరూప్య చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1947 నుంచి 1950 దాకా కాన్వాసును నేల మీద పరిచి, ఇళ్ళకు వేసే ఎనామిల్ రంగును కర్రలతో, గట్టిపడ్డ కుంచెలతో చిమ్మాడు. ఈ సమాచారం ఒంగోలు చేరేసరికి ‘గేటుకు వేయగా మిగిలిన డబ్బా చాలు’ అన్న రూపం తీసుకుంటుంది. దళసరిగా పోసిన ఎనామిల్ పైన మీగడ కట్టి లోపల పచ్చిగా ఉండి ముడుచుకుపోతుంది. తెల్లరంగయితే కొన్నేళ్ళకు పసుపు పచ్చగా మారుతుంది. దాని మీద యాక్రిలిక్ వేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. యాక్రిలిక్ మీద నూనె రంగు నిలుస్తుంది, నూనె రంగు మీద యాక్రిలిక్ నిలవదు. ఈ ఒక్క వాక్యం తెలియక రాలిపోయిన విశ్వచైతన్యాలు తక్కువేమీ కాదు. పోతపోసిన యాక్రిలిక్‌కూ ఒక షరతుంది. పైపొర ముందు ఆరి బిగుసుకుంటే అడుగుది కుదించుకుంటున్నప్పుడు బీటలు వారుతుంది, అందుకని పల్చగా పోసి ఫ్యాను ఆపాలి. మే నెలలో నెల్లూరులో ఫ్యాను ఆపి నాలుగు గంటలు కూర్చోవడాన్ని తపస్సు అనడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

ఇక బురద. రంగులకు స్వేచ్ఛ ఇచ్చిన ప్రతివాడూ చేరే ఊరు ఇదే. తడి నీలం మీద నారింజ పోనిస్తే, ఒకటి వెనక్కి పంపే వెలుగును రెండోది మింగేస్తుంది. చివరికి మిగిలేది పెన్నకు వరదొచ్చిన రంగు. మూడో రంగు కలిపి దాన్ని బాగుచేద్దామనుకోవడం, నాలుగోదీ ఐదోదీ కలపడం, ఆ తర్వాత దానికి ‘మట్టి జ్ఞాపకం’ అని పేరు పెట్టడం వరసగా జరుగుతాయి. మందు చాలా చిన్నది. చేయి తీసేయాలి, ఆరనివ్వాలి, ఆరిన పొర మీద కింది నీలం అక్కడక్కడా కనబడేలా నారింజ వేయాలి. అప్పుడు రెండూ బతుకుతాయి. థాలో నీలం అనే ఘాటు రంగు శనగగింజంత చాలు, పళ్ళెం నిండా ఉన్న తెలుపును ఆక్రమిస్తుంది, కాబట్టి ఎప్పుడూ తెలుపులోకి నీలాన్ని కొనతో తేవాలి, నీలంలోకి తెలుపును కాదు. నలుపు ట్యూబు కొనకుండా నీలాల్లో ఒకటైన అల్ట్రామరీన్‌లో బర్న్‌ట్ సియెనా అనే గోధుమ రంగు కలిపినవాడికి బూడిద రంగుల్లో డజను రకాలు చేతికొస్తాయి. అతని నలుపు చూసి జనం ‘ఎంత లోతబ్బా’ అంటారు. అతను సియెనా ఊసెత్తడు.

ఆపడం ఎప్పుడన్నది మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. నాగపూర్‌లో 1924లో పుట్టిన నైరూప్య చిత్రకారుడు గాయ్‌తోండే రోలరుతో, పాలెట్ నైఫుతో పొర మీద పొర ఎక్కించి, గీకి, ఏడాదికి కొద్ది బొమ్మలే ముగించేవాడు. మిగతా కాలం ఊరికే కూర్చున్నాడనే అనాలి. అలా కూర్చున్న మనిషి బొమ్మ 2015 ముంబై వేలంలో 29.3 కోట్లకు పోయింది. దీన్ని ఆదర్శంగా తీసుకుని మన కుర్రాళ్ళు మొదటి సగం, అంటే కూర్చోవడం, శ్రద్ధగా నేర్చుకున్నారు. కూర్చునేటప్పుడు చేయదగ్గ పనులు ఉన్నాయి. కాన్వాసును పావు వంతు చొప్పున తిప్పి నాలుగు వైపుల నుంచీ చూడాలి, ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయాలి. ఫొటోలో అంతా ఒకే బూడిదలా ఉంటే రంగులెన్ని ఉన్నా వెలుగూ చీకటీ లేవని అర్థం.

తిప్పి చూశాక వెనకవైపు పైకి బాణం గుర్తు వేయడం మరవకూడదు. ఫ్రెంచి చిత్రకారుడు మాతిస్ చేసిన పడవ బొమ్మ 1961లో న్యూయార్క్ మ్యూజియంలో 47 రోజులు తలకిందులుగా వేలాడింది. డచ్చి చిత్రకారుడు మోండ్రియాన్ రంగు టేపులతో చేసిన ఒక కూర్పు 1945 నుంచీ తలకిందులుగానే ఉందని 2022లో బయటపడింది. ఇప్పుడు సరిచేస్తే టేపులు ఊడతాయని అట్టాగే ఉంచారు. అంత పెద్ద ఊళ్ళలోనే అట్టా ఉంటే, ట్రంకు రోడ్డులో ఫ్రేము కట్టే కుర్రాణ్ణి నిందించడం ధర్మం కాదు.

ఇంతకీ మన జనానికి నైరూప్యం అర్థం కాదన్నది పచ్చి అబద్ధం. ‘ఏంది సామీ ఇది? ఆవా, చెట్టా? మా పిల్లోడు కూడా గీస్తాడే’ అని అడిగే పెద్దమనిషే వంటింటి గట్టు కోసం చీమకుర్తి వెళ్ళి, గెలాక్సీ గ్రానైటు పలకల ముందు పూటంతా నిలబడతాడు. నల్లటి రాతిలో బంగారు చుక్కలు ఒత్తుగా ఉన్నాయా, ఒకవైపే గుమిగూడాయా, మధ్యలో తెల్లచార ఉందా అని వంగి, లేచి, నీళ్ళు చల్లి, పక్కకు జరిగి చూస్తాడు. అది బ్రాంజైటు ఖనిజం మెరుపు. దాని భావమేమిటని ఏ క్వారీ యజమానినీ ఎవరూ అడగలేదు. పైగా చదరపు అడుగుకింత అని ఇస్తాడు. చిత్రకారుడూ చదరపు అంగుళం లెక్కనే ధర కడతాడు, ఆ లెక్క చెప్పగానే మాత్రం ‘కళకు కొలతలేంది’ అని నొచ్చుకుంటారు.

ఆ నొచ్చుకున్న పెద్దమనిషే చివరకు కొంటాడు, ఎందుకంటే కొత్త ఫ్లాటులో ఏడడుగుల సోఫా వెనక గోడ బోసిగా ఉంది. సోఫా వెడల్పులో మూడింట రెండొంతులు, అంటే నాలుగున్నర అడుగులకు కాస్త పైన వెడల్పున్న బొమ్మ కావాలి. దాని నడిమి నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలి. మనవాళ్ళు ట్యూబులైటు పక్కన, క్యాలెండరు మేకుకు తగిలిస్తారు. ఈశాన్యంలో ఎరుపు వద్దన్న వాస్తు సిద్ధాంతి మాటతో అంతఃప్రేరణ ఒక మూలను సవరించుకుంటుంది. గృహప్రవేశం శుక్రవారం. బొమ్మ నూనె రంగుది, తెలుపు దళసరిగా ఉంది. వేలికి అంటకుండా ఆరడానికే వారాలు, వార్నిషుకు ఆరు నెలల నుంచి ఏడాది. ముహూర్తం ఆగదు కాబట్టి తడిగానే తగిలిస్తారు. పాలు పొంగే సమయానికి ఇంటి పిల్లోడు కుడివైపు కింది మూలలో ఐదు వేళ్ళూ ఆనించి కిందికి లాగుతాడు. చుట్టాలంతా ఆ మూల దగ్గరే ఆగి, బొమ్మ మొత్తంలో అదొక్కటే ప్రాణంతో ఉందని ఒప్పుకుంటారు. పెద్దమనిషి బిల్లులో కొంత తగ్గించమంటాడు, ఆ మూల తమ పిల్లోడు వేసింది కదా అని.