మీటరు బావగారికి సంపు రాసేది

మహారాజశ్రీ 15 మి.మీ. మల్టీజెట్ నీళ్ల మీటరు బావగారికి, గేటు పక్క గుంతలో ఉండే సంపు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

బావా, నీ పొట్టలో ఉన్నది ఒక ప్లాస్టిక్ రెక్కల చక్రం. చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి ధార కొడితే అది తిరుగుతుంది. ఎన్ని చుట్లో లెక్కపెట్టి, ఇన్ని లీటర్లు పోయాయని ఒట్టేస్తావు. నీళ్లు కొలిచిందెక్కడ? వేగం చూసి ఊహించావు, అంతే. పైపు నిండుగా ఉన్నంతసేపూ ఆ ఊహ ఒప్పే. కానీ ఇది హైదరాబాదు, చాలా బస్తీల్లో నల్లా రోజు విడిచి రోజు. మధ్యలో పైపు నిండా గాలే. నల్లా విడవగానే నీళ్లు ఆ గాలిని నీ మీదికి తరుముతాయి. నీళ్లంత బరువు, రాపిడి దానికి లేవు కాబట్టి చక్రం గిర్రున తిరుగుతుంది. నాలో చుక్క పడదు, నీ ఎర్రముల్లు మాత్రం లీటర్లు మింగేస్తుంది. 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్లు ఉచితం చేశాక ఆ గీత దాటిందో లేదో చెప్పే పెద్దమనిషివి నువ్వే!

అదే సన్నధారైతే నిద్ర. కొలత కచ్చితత్వంలో క్లాస్ బి తరగతి వాడివి, గంటకు 30 లీటర్ల లోపు నీ మాటకు పూచీ లేదు. 30 నుంచి 120 దాకా ఐదు శాతం, ఆపైన రెండు శాతం తప్పు మాఫీ. నా బాల్‌వాల్వు నేను నిండేకొద్దీ మూసుకుంటూ కార్చే ధార నీ లెక్కలోకే రాదు.

తుప్పు, ఇసక చేరి కొన్ని రంధ్రాలు పూడితే మిగిలినవి మరీ జోరుగా కొట్టి ఎక్కువ చూపిస్తావు. ఇరుసు అరిగితే తక్కువ. ప్లంబరు నిన్ను పక్కకు వాల్చి బిగించాడా, రాపిడి పెరిగి సన్నధార ఇంకా అందదు.

నన్ను కొలిచి చూడు: పొడవు 2 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర. సెంటీమీటరు ఎక్కితే 30 లీటర్లు. మోటారు ఆపి, గాలి పోయి ధార నిలకడయ్యాక నీ అంకె, నా మట్టం రాసుకోవాలి. 20 సెంటీమీటర్లు ఎక్కాక మళ్లీ చూడాలి. నీ అంకెలో తేడా 588, 612 లీటర్ల మధ్య ఉంటే మర్యాదస్తుడివే. స్కేలు చదవడంలో మిల్లీమీటరు తప్పితే 3 లీటర్లు పోతాయి, జాగ్రత్త. ఇదే పరీక్ష నల్లా విడవకముందే మొదలుపెడితే గాలి ఎంత తిన్నావో బయటపడుతుంది.

నీకంటే ముందు, పైపు ఎత్తయిన చోట గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వు పెట్టమని ఇంటివాళ్లకు నువ్వెలాగూ చెప్పవు.

ఇట్లు,
సంపు

తా.క.: నల్లా ఆగాక మెయిన్ పైపు వెనక్కి పీలిస్తే, ధారను ఒకవైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వు లేని చోట నువ్వు వెనక్కీ తిరుగుతావు. అలా నీ అంకెలో తగ్గే లీటర్ల ఊసు మాత్రం నేనెత్తను బావా.