ప్రాసెసింగ్ ఫీజు గారి సముఖానికి

మహారాజశ్రీ ప్రాసెసింగ్ ఫీజు గారికి,

వరంగల్ ఎనుమాముల మార్కెట్ ఎదుట టీ కొట్టు నడుపుకునే నేను నమస్కరించి రాయునది ఏమనగా: పోయిన నెల ఫోనులో పదివేలు అప్పు అడిగాను. టీ మరిగేలోపు 9,410 రూపాయలు ఖాతాలో పడ్డాయి. మీరు 500, మీ వెంట వచ్చిన జీఎస్టీ 90. కాంటా దగ్గర మిర్చి బస్తాకు తరుగు తీస్తే రైతు కనీసం గొడవ పెట్టుకుంటాడు. ఫోనుతో ఎవరు గొడవపడతారు?

నెల తిరగగానే 10,200 కట్టాను. చేతికి రాని 590కి కూడా మిత్తి కట్టాను, అది వేరే సంగతి.

ఇన్నాళ్లూ ఫోనులో అప్పులిచ్చే ఈ కంపెనీలు మిత్తి మీద బతుకుతాయనుకున్నాను. కొట్టు కట్టేశాక లెక్క వేస్తే జాలేసింది. వచ్చిన 200లోంచే కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకు వాటా పోవాలి, ఎగ్గొట్టినవాళ్ల బాకీ పూడాలి, ప్రకటనలకూ వసూలు మనుషులకూ ఇవ్వాలి. మీరు మాత్రం డబ్బు గడప దాటకముందే మీ వంతు తీసుకుంటారు. అప్పు ఎగ్గొట్టేవాడు కూడా మీ బాకీ తీర్చాకే పారిపోతాడు!

గడువు ఎంత పొట్టిదైతే మీకు అంత పండగ. అదే పదివేలు నెలకొకరి చొప్పున ఏడాదిలో పన్నెండు మందికి తిరిగితే మిత్తి 2,400, మీరు 6,000. అందుకే కాబోలు, బాకీ తీర్చిన సాయంత్రమే "అభినందనలు, ఇప్పుడు మీకు 15,000" అని మెసేజీ వచ్చింది. పాత గిరాకీని పట్టడానికి ప్రకటన ఖర్చు ఉండదు కదా.

మా ఊళ్లో చిట్టీలకు కొదవ లేదు. చిట్టీ నడిపేవారి కమీషన్ 5 శాతం దాటకూడదని చట్టం గిరి గీసింది, 2019లో దాన్నే 7 చేసింది. మీ విషయంలో రిజర్వు బ్యాంకు 2022లో చెప్పిందల్లా, మిమ్మల్నీ కలుపుకొని అప్పు ఖర్చంతా ఏడాదికి ఎంత శాతమో చూపించమని. చూపించారు, నా కళ్లజోడుకు అందని అక్షరాల్లో.

మొన్న ఆ 15,000 మెసేజీ మీద నా వేలు పడనే పడింది. భయపడి కళ్లజోడు తుడుచుకుని చదివాను. వద్దనుకుంటే మొదట్లోనే అసలూ ఆ కొద్దిపాటి మిత్తీ కట్టి బయటపడవచ్చట. ప్రాణం లేచివచ్చింది. కింద ఇంకో వాక్యం ఉంది: నేను బయటపడినా మీరు మాత్రం కంపెనీ దగ్గరే ఉంటారట.

ఇట్లు,
ఈసారి 14,115 అందుకున్న మీ గిరాకీ