సోర్‌డో అల్లుడికి అత్తగారి ఉత్తరం

చిరంజీవి అల్లుడు బుజ్జిబాబు గారికి,

అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా గాజు సీసాలోంచి కనిపిస్తూనే ఉన్నారు.

మా అమ్మాయి బెంగళూరు నుంచి ఎవరినో ఒకరిని వెంటబెట్టుకొస్తుందని మేము ఎదురుచూసిన మాట నిజం. మీరొచ్చారు, బ్రెడ్‌ని పొంగించే సోర్‌డో అనే పులిసిన పిండి. కుటుంబ వివరాలు అడిగాం. గోధుమపిండి, నీళ్లు, పిండిలో సహజంగానే ఉండే ఈస్ట్, దానితో కాపురం చేసే లాక్టిక్ బ్యాక్టీరియా. సరే, మంచి సంబంధమే. సీసాకి రబ్బరు బ్యాండు, మూత మీద మార్కర్‌తో మీ ముద్దుపేరు. ఇక మర్యాదలు మొదలయ్యాయి.

పొద్దున్నే మీకు టిఫిన్. మీరెంత తూగితే అంత పిండి, అంత నీళ్లు, గ్రాముల లెక్కన. పెట్టేముందు సీసాలో సగం తీసి పారబోయాలట. భోజనానికి కూర్చోబెట్టే ముందు అల్లుణ్ణి సగం పారబోసే ఆచారం మా వైపు లేదండీ. పోనీ, పూట ఆలస్యమైతే సర్దుకుంటారా అంటే, అలక. పైన బూడిదరంగు నీళ్లు తేలతాయి, మూత తీస్తే గోళ్లరంగు చెరిపే మందు వాసన. అమ్మాయి కంగారుపడి రెండు పూటలు వరసగా మేపితే గానీ మళ్లీ బుడగలు రావు.

విజయవాడ ఎండాకాలం సంగతి మీకు ముందే ఎవరైనా చెప్పాల్సింది. చలిదేశాల వీడియోలు చూసి, పిండి కలిపి రాత్రంతా గట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి ముద్ద కాదు, జావ. దాంతో కలపడానికి ఐసు నీళ్లు, విశ్రాంతికి ఏసీ గది. మా అత్తగారు ఈ ఇంట్లో అన్ని వేసవులు గడిపారు, ఆవిడకి ఏసీ అమర్చాలని ఎవరికీ తోచలేదు. పైగా మీ పూర్వీకులేమైనా సుకుమారులా? 1890ల్లో బంగారం కోసం కెనడాలోని క్లాండైక్ వెళ్లినవాళ్లు ఆ గడ్డకట్టే చలిలో పులిసిన పిండిని ఒంటికి ఆనించుకుని పడుకుని కాపాడుకున్నారు. అక్కడి పాతకాపులకి సోర్‌డోలనే పేరు కూడా అలా వచ్చిందే.

మీ వంశం గొప్పదే, కాదనను. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1849లో పెట్టిన బౌడిన్ బేకరీ వాళ్లు ఇప్పటికీ అప్పటి పులుపునే కొనసాగిస్తున్నామంటారు. 1906 భూకంపంలో ఆ ఇంటావిడ దాన్ని బకెట్‌లో వేసుకుని బయటపడిందని కూడా చెబుతారు. బెల్జియంలోని సాంక్ట్ వీత్ ఊళ్లో మీ జాతికి ఏకంగా ఒక లైబ్రరీ ఉంది. ఫ్రిజ్‌లలో వరసగా సీసాలు, ప్రతిదానికీ నంబరు. మీలో ఉండే ఒక బ్యాక్టీరియాకి 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో ఊరి పేరే పెట్టారు. మా ఇడ్లీపిండిని పొంగించే ల్యూకోనోస్టాక్‌కి గుంటూరు పేరో తెనాలి పేరో పెడదామని ఎవరికీ అనిపించలేదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

ఇంతకీ ఈ ఉత్తరం మీ మంచిగుణాల గురించి. ఉద్యోగమంతా పిల్లలకి సైన్స్ చెప్పినదాన్ని, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటాను. పిండి, నీళ్లు, ఉప్పు. మీ బ్రెడ్‌లో నాలుగోది లేదు. కొట్లో ప్యాకెట్ వెనక్కి తిప్పితే ప్రిజర్వేటివ్ 282 అనీ, ఎమల్సిఫైయర్ 481 అనీ బస్సు నంబర్లు కనిపిస్తాయి. 2016లో ఢిల్లీలోని సీఎస్‌ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) సంస్థ వాళ్లు బ్రెడ్డూ బన్నూ కలిపి 38 నమూనాలు పరీక్షిస్తే 32లో పిండిలో కలిపే రసాయనాలు పొటాషియం బ్రోమేట్, అయోడేట్‌ల తాలూకు ఆనవాళ్లు దొరికాయి. ఆ ఏడాదే ప్రభుత్వం బ్రోమేట్‌ని నిషేధించింది. అలాంటివేవీ లేకుండా, త్వరగా బూజు పట్టకుండా మీ పులుపే బ్రెడ్‌ని కాపాడుతుంది. అది చిన్న విషయం కాదు.

ఇంకోటి. గోధుమ పొట్టులో ఫైటిక్ ఆమ్లమని ఒకటుంటుంది. అది ఇనుమునీ జింక్‌నీ పట్టుకుని ఒంటికి అందనివ్వదు. మీ పులుపు తగిలితే గోధుమలోనే ఉన్న ఫైటేజ్ ఎంజైమ్ చురుగ్గా పనిచేసి దాన్ని విడగొడుతుంది. బాగుంది. కానీ ఈ లాభమంతా పొట్టున్న ముతకపిండితో చేసినప్పటి మాట. మా అమ్మాయి మిమ్మల్ని కలిపేది మైదాతో, ఎందుకంటే కోసినప్పుడు లోపల పెద్ద పెద్ద కన్నాలు ఫొటోలో బాగా పడతాయట. విడగొట్టడానికి మైదాలో ఫైటిక్ ఆమ్లమూ అంతంతే, అందడానికి ఇనుమూ అంతంతే. అంటే మీ గుణాన్ని జల్లెడ పట్టేసి, ఆ గుణం గురించే నాకు క్లాసు పీకుతోంది.

నా బాధ మీతో కాదండీ, మీ భక్తులతో. ప్రోబయోటిక్ అంటారు, అంటే పొట్టకి మేలుచేసే బతికున్న బ్యాక్టీరియా ఉందని. 230 డిగ్రీల ఓవెన్‌లోకి వెళ్లినవాళ్లలో ఎవరు బతికి బయటికొస్తారు? బ్రెడ్ నడిమధ్యన కూడా 95 డిగ్రీల దాకా కాలుతుంది. మీ బ్యాక్టీరియా మా పొట్టలోకి చేరేసరికి స్వర్గస్థులు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ ఇందులో లేదంటారు. కొంత తగ్గుతుందేమో గానీ పోదు, గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్నవాళ్లు మీ జోలికి రాకూడదు. ఈ మాట చెప్పే రీల్ నాకు ఒక్కటీ తగల్లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది షుగర్ మాట. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ మామూలు తెల్ల బ్రెడ్‌కి 70 దాటుతుంది, మీది 55 దగ్గర ఉంటుందని చెప్పే లెక్కలున్నాయి. ఇందులో మా ఆయనకి వినిపించింది ఒక్కటే, మీరు తక్కువని. ఆదివారం మీ ముక్కలు నాలుగు, వాటి మీద వెన్న, వెన్న మీద మామిడి జామ్. 'సోర్‌డోనే కదా' అని సమాధానం. ఆ రోజు గ్లూకోమీటర్ కనపడలేదన్నారు. సోఫా కింద దొరికింది.

మీ పెళ్లి తంతు గురించి కూడా చెప్పాలి. శనివారం సాయంత్రం మొదలు. అరగంటకోసారి చేతులు తడుపుకుని నాలుగు వైపుల నుంచీ పిండిని లాగి మడవడం, రాత్రి పేము బుట్టలో పడుకోబెట్టి ఫ్రిజ్‌లోకి, పొద్దున్నే మూత ఉన్న బరువైన ఇనప గిన్నెని ఓవెన్‌లో గంటసేపు ఖాళీగా కాల్చడం. ఆ గంట కరెంటు దేనికని అడిగితే నేను పాతకాలం మనిషిని. బయటికొచ్చాక పెంకు చిటపటలాడుతుంటే ఇల్లంతా నిశ్శబ్దంగా వినాలి. వెంటనే కోయకూడదు, చల్లారాలి. చల్లారాక కోయబోతే కత్తి జారిపోతోంది. మా మామగారు కట్టుడు పళ్లు తీసి జేబులో వేసుకుని, ఇడ్లీ ఉందా అని నన్ను చాటుగా అడిగారు.

ఉంది. రాత్రి రుబ్బి, మూతపెట్టి, ఎవరూ పలకరించకపోయినా పొంగిన పిండి. దానికి రబ్బరు బ్యాండు లేదు, పేరు లేదు. అదే లాక్టిక్ పులుపు, ఫైటిక్ ఆమ్లాన్ని విడగొట్టే పని అదీ చేస్తుంది. దాన్ని మా అమ్మాయి 'కార్బ్స్' అంటుంది.

కాబట్టి అల్లుడు గారూ, నా షరతులు వినండి. వారంలో ఆరు రోజులు ఫ్రిజ్‌లోనే ఉండండి, ఒక్కసారి మేపితే చాలు, మీకేం కాదు. మైదాలో సగం తగ్గించి మరపట్టించిన గోధుమపిండి వేయిస్తాను, నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఫొటోకి పనికిరాదు, తినడానికి పనికొస్తుంది. మా ఆయనకి రెండు ముక్కలు, జామ్ లేకుండా.

ఇక మీరు పారబోయించే ఆ సగం సంగతి. అది సింకులోకి వెళ్లదు. కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి అట్లు పోసేస్తున్నాను, మామగారు ఇష్టంగా తింటున్నారు. ఈ ముక్క అమ్మాయి చెవిన వేయకండి. తెలిస్తే నా పెనం దగ్గర కూడా లైటు స్టాండు పెడుతుంది.

ఇట్లు,
మీ అత్తయ్య