చలి పోటీలు ఆపండి, రాత్రి ఉష్ణోగ్రత చెప్పండి

డిసెంబరు వచ్చిందంటే మొక్కలు పెంచే తెలుగువాళ్లు ఏ ఊళ్లో ఉన్నా ఒకటే పోటీ. "మాకు 12కి పడిపోయింది" అని హైదరాబాద్ వాళ్లంటే, "దానికే దుప్పట్లా, మాకు మైనస్ 12" అని న్యూజెర్సీ వాళ్లు నవ్వుతారు. డాలస్ వాళ్లు "నిన్న 75, ఇవాళ 28" అంటారు. అది ఫారెన్‌హీట్ అని చెప్పరు, వినేవాళ్లు అడగరు. (సెల్సియస్‌లో అది 24 నుంచి మైనస్ 2కి పడటం. ఒక్క రోజులో అంత తేడా అంటే మొక్కకి మామూలు విషయం కాదు.) ఈ గోలలో టమాటా పూత ఎందుకు రాలుతోందన్న అసలు ప్రశ్న ఎటో పోతుంది. ఒకరి చలికి పనికొచ్చే సలహా ఇంకొకరి తోటలోకి వెళ్లి కూర్చుంటుంది.

అతి తక్కువ ఉష్ణోగ్రత ఒక్కటే చెబితే తోట గురించి ఏమీ చెప్పనట్టే. ఆ చలి ఎన్ని రాత్రులు ఉంది, పగలు ఎంత ఎక్కింది, వెలుతురు ఎన్ని గంటలు, గాలిలో తేమ ఎంత అన్నవి కూడా తెలియాలి. వీటిలో ఏది మారినా వైద్యం మారిపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు "మాది 7వ జోన్" అని చెప్పి ఊరుకుంటారు. అక్కడి వ్యవసాయ శాఖ జోన్ పటం చెప్పేది ఒకే ఒక్క సంగతి: ఏడాదిలో అన్నిటికన్నా చల్లని రాత్రి సగటున ఎంత వరకు దిగుతుంది అని. 2023లో సవరించిన పటానికి 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్ల లెక్కలు ఆధారం. జోన్‌కీ జోన్‌కీ మధ్య 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా. బయట నాటిన అంజూరమో దానిమ్మో చలికాలం దాటి బతుకుతుందా అన్నదానికి ఆ పటం బాగా పనికొస్తుంది. ఏప్రిల్‌లో నాటి సెప్టెంబరులో పీకేసే బెండకాయకి దానితో పనేముంది? సియాటిల్, డాలస్ రెండూ 8, 9 జోన్ల దగ్గరే ఉంటాయి. సియాటిల్‌లో వేసవి చల్లదనానికి టమాటా పండటమే కష్టం, డాలస్‌లో జులై వేడికి పిందె కట్టడం ఆగిపోతుంది. అదే లెక్కన చూస్తే హైదరాబాద్ 11–12 జోన్లలో పడుతుంది. "11వ జోన్‌లో ఏవి నాటాలి" అని వెతికి విత్తనాలు తెప్పించుకునేవాళ్లకి ఏప్రిల్‌లో 40 దాటే ఎండ గురించి ఆ పటం ఒక్క ముక్క చెప్పదు.

చలి గురించి ఇంత మాట్లాడేవాళ్లు వెలుతురు గురించి ఎందుకు మాట్లాడరో అర్థం కాదు. డిసెంబరు 21న హైదరాబాద్‌లో పగలు 11 గంటలు దాటే ఉంటుంది. డాలస్‌లో దాదాపు 10, న్యూజెర్సీలో తొమ్మిదింబావు, లండన్‌లో 8 గంటల లోపే. పగటి వేళ 10 గంటల కన్నా తగ్గితే ఆకుకూరల ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, మీరు ఎంత వెచ్చగా ఉంచినా సరే. లండన్‌లో హీటర్ పక్కన, కిటికీలో పెట్టిన మెంతికూర సన్నగా పీచులా సాగి పడిపోయేది వెలుతురు చాలక. దానికి ఎరువు వేస్తే ఇంకా సాగుతుంది. ఎల్ఈడీ గ్రో లైటుని ఆకులకి ఒక అడుగు ఎత్తులో కట్టి రోజుకి 12 నుంచి 14 గంటలు వెలిగించాలి, లేదా ఫిబ్రవరి దాకా ఆగాలి.

ఉల్లి విషయంలో పగటి నిడివి ఇంకా మొండిగా పనిచేస్తుంది. మన దేశంలో పండించే రకాలు చాలావరకు పగలు 11–12 గంటలు ఉంటే చాలు, గడ్డ కట్టడం మొదలుపెడతాయి. ఇక్కడి విత్తనం పట్టుకెళ్లి న్యూజెర్సీలో ఏప్రిల్‌లో నాటితే అప్పటికే పగలు 13 గంటలు. నాలుగు ఆకులు వేయగానే మొక్క గడ్డ మీదకి వెళ్లిపోతుంది. ఉల్లిలో ఒక్కో ఆకు ఒక్కో పొర కాబట్టి, నాలుగు ఆకుల ఉల్లి గోలీ అంతే అవుతుంది. అక్కడ 14 గంటల పైన పగలు కోరే రకాలే నాటాలి. ఆ విత్తనాన్ని కర్నూలుకి తెస్తే ఉల్లికాడలు కోసుకోవడమే, గడ్డ ఊరదు. టెక్సస్ వాళ్లకి మాత్రం మనలాగే తక్కువ పగటి రకాలు, చలికాలంలో నాటి వేసవి మొదట్లో తవ్వుకునేవి, బాగా కుదురుతాయి.

చామంతిది దీనికి ఎదురు లెక్క, దానికి రాత్రి పొడుగ్గా ఉండాలి. మిద్దె మీద చామంతి గుబురుగా పెరిగి మొగ్గ వేయకపోతే ఎముకల పొడి వేయకండి. ముందు రాత్రి పూట వీధి దీపం ఆ కుండీ మీద పడుతోందేమో చూడండి. సాయంత్రం అయిదున్నర నుంచి పొద్దున ఏడు దాకా నల్లగుడ్డ కప్పితే మూడు నాలుగు వారాల్లో మొగ్గ కనిపిస్తుంది.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి. ఇక్కడ కూడా చలికాలం ఒక్కటి కాదు. బేగంపేటలో 13 ఉన్న రాత్రి పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఇంకా మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే. కాంక్రీటు, ట్రాఫిక్ ఉన్న నగరం నడిబొడ్డు వేడిని పట్టి ఉంచుతుంది. ఆదిలాబాద్ వైపు సింగిల్ డిజిట్. విజయవాడ, విశాఖల్లో ఆ రోజుల్లోనే 17–19. టమాటా పుప్పొడికి రాత్రి 13 కన్నా తగ్గకూడదు, 24 కన్నా పెరగకూడదు. అందుకే శివార్లలో డిసెంబరు పూత పూసి రాలిపోతుంది, బెజవాడలో అదే పూత గుత్తులుగా నిలుస్తుంది. పూలని వేలితో కొట్టినా, బోరాన్ పిచికారీ చేసినా పుప్పొడే చచ్చుగా ఉన్నప్పుడు ఏం లాభం? హైదరాబాద్ వాళ్లు ఆగస్టులో నారు పోసి, అక్టోబరు, నవంబరుల్లో పిందె కట్టేలా చూసుకోవాలి. ఆ గడువు దాటితే చెర్రీ రకాలు కాస్త నయం, చలికీ వేడికీ కొంచెం ఎక్కువ ఓర్చుకుంటాయి.

క్యాలీఫ్లవర్‌లో దెబ్బ కోస్తా వాళ్లకి. స్నోబాల్ రకాలు పువ్వు కట్టాలంటే 10–16 డిగ్రీలు కావాలి. ఆ ప్యాకెట్టు కొని విజయవాడలో నాటితే ఆకులే ఆకులు, లేదంటే వదులుగా నూగు పట్టిన పువ్వు. అక్కడ 20–27 డిగ్రీల్లోనే పువ్వు కట్టే తొలికారు రకాలు వేయాలి. ఆదిలాబాద్ వాళ్లు తొలికారు రకాన్ని డిసెంబరులో నాటితే మొక్క ఎదగకముందే బొత్తాం అంత పువ్వు వేసి ఊరుకుంటుంది. విత్తనం ప్యాకెట్టు మీద "శీతాకాలానికి అనుకూలం" అని రాస్తే సరిపోదు, ఎన్ని డిగ్రీల శీతాకాలమో రాయాలి. ఎవరూ రాయరు.

నెల్లూరు, తిరుపతి వాళ్లకి "చలికాలం పొడిగా ఉంటుంది" అని ఎవరైనా సలహా చెబితే వినకండి. ఈశాన్య రుతుపవనాల వానలు అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. కోస్తా మొత్తానికీ అవి తుపాను నెలలే. మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ నెలల్లో నారు చలికి చావదు, మొదలు కుళ్లి చస్తుంది. ట్రేకి అడుగున రంధ్రాలు ఉండాలి, మట్టి మిశ్రమంలో ఇసుకో పెర్లైటో పెంచాలి, పైన పాలిథిన్ పందిరి వేసి పక్కలు తెరిచి ఉంచాలి. కుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి.

తెలంగాణ పొడి చలిలో బాధ బూడిద తెగులు. తెగులు కాబట్టి ఆకు తడి వల్లే వస్తుందనుకుంటారు. దీనికి ఆకు మీద నీళ్లు అక్కర్లేదు, చల్లని రాత్రి, వెచ్చని పొడి పగలు ఉంటే చాలు. సొర, బీర, బెండ ఆకుల మీద తెల్లపొడి కనపడగానే ముదురు ఆకులు తీసేసి, నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి ఎండ ముదరకముందే కొట్టాలి. తీగజాతి కూరగాయల్లో కొన్ని రకాలకి గంధకం పడదు, ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడండి. వేపనూనె కొట్టి రెండు వారాలు కాకముందే గంధకం కొడితే ఆకులు మాడతాయి. వేపనూనె సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి: చలికి అది సీసాలో నెయ్యిలా పేరుకుంటుంది. చల్లని నీళ్లలో పోస్తే పైన తేలి, స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతుంది. కలిసిందనుకుని కొట్టిన చోట ముద్దగా పడి ఆకు కాలుతుంది. సీసాని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, 5 మిల్లీలీటర్ల నూనెని 2 మిల్లీలీటర్ల సబ్బు ద్రావణంతో ముందు బాగా గిలకొట్టి, తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో కలపాలి.

అసలు గడ్డకట్టే చలి మన దగ్గర లంబసింగి, చింతపల్లి లాంటి ఏజెన్సీ ఊళ్లకే తెలుసు. అక్కడా, అమెరికాలోనూ జరిగే పొరపాటు ఒకటే. సూచనలో 2 డిగ్రీలు అన్నారు కదా, సున్నా కాదు కదా అని కప్పకుండా వదిలేయడం. ఆ 2 డిగ్రీలు మనిషి ఎత్తులో కొలిచింది. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఆకు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటుంది కాబట్టి నేల దగ్గర అంతకన్నా చల్లబడి మంచు పేరుకుంటుంది. సాయంత్రమే మట్టిని తడపండి, తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. గుడ్డ నేల దాకా దిగాలి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. మొక్క తలకి గొడుగులా చుట్టి కాండం దగ్గర కట్టేస్తే నేల నుంచి వచ్చే వేడి బయటికే పోతుంది. ప్లాస్టిక్ ఆకుకి తగిలితే తగిలిన చోటల్లా నల్లబడుతుంది. ఇదంతా రెండు మూడు డిగ్రీల రక్షణ, అంతే. 2021 ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 19 సెల్సియస్ నమోదైంది, అలాంటి రాత్రికి దుప్పటి ఏం చేస్తుంది?

చివరికి అందరూ వచ్చేది కరివేపాకు దగ్గరికే. విదేశాల్లో దాన్ని ఎక్కువగా చంపేది చలి కాదు, చలికి భయపడి లోపలికి తెచ్చి పోసే నీళ్లు. రాత్రి 10 డిగ్రీలకి, అంటే 50 ఫారెన్‌హీట్‌కి దిగడం మొదలవగానే కుండీ లోపలికి రావాలి. తెచ్చేముందు ఆకు అడుగున, కాండం మీద పొలుసు పురుగులు ఉన్నాయేమో గోటితో గీకి చూసి కడగాలి. దక్షిణం కిటికీ దగ్గర పెట్టాలి, హీటర్ గాలి నేరుగా తగలకూడదు, తగిలితే ఎర్రనల్లి పడుతుంది. పై రెండంగుళాల మట్టి ఎండాకే నీళ్లు, ఎరువు అసలు వద్దు, కుండీ మార్చడం వద్దు. ఆకులన్నీ రాలిపోయినా పారేయకండి. కాండం మీద గోటితో గీరితే లోపల పచ్చగా ఉంటే అది నిద్రపోతున్నట్టే. మార్చి చివర్లో పైనుంచి మూడో వంతు కత్తిరిస్తే పక్కల నుంచి చిగుళ్లు వస్తాయి. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగుకి కరివేపాకు ఆశ్రయం కాబట్టి కాలిఫోర్నియా, టెక్సస్, ఫ్లోరిడా లాంటి చోట్ల మొక్కని ఊరు దాటించడం మీద ఆంక్షలున్నాయి. చుట్టాలకి కొమ్మ పంపే ముందు అది చూసుకోండి.

హైదరాబాద్‌లో కూడా జనవరిలో కరివేపాకు పసుపెక్కి మందగిస్తుంది. వెంటనే పుల్ల మజ్జిగ, ఎప్సమ్ సాల్ట్, ఇంగువ నీళ్లు, వరసగా ఒకదాని మీద ఒకటి. చల్లబడిన మట్టిలో వేరు పోషకాలు తీసుకోదు, సూక్ష్మజీవులు మందగిస్తాయి కాబట్టి కంపోస్టు కూడా తొందరగా విడిపోదు. టమాటా ఆకు అడుగున ఊదారంగు వచ్చేదీ అందుకే, భాస్వరం ఉన్నా అందడం లేదు. డీఏపీ దండగ. కుండీని ఎండ తగిలే గోడ పక్కకి జరపండి, నీళ్లు పొద్దున పోయండి, ఫిబ్రవరిలో కత్తిరించండి.

చలిని ఒక్క అంకెలో అమ్మేవాళ్లని కూడా అనాలి. "మీ ఊళ్లోనూ చలి ఉంటుందిగా" అంటూ యాపిల్ మొక్కలు అంటగట్టేవాళ్లు. యాపిల్‌కి కావలసింది ఒక చల్లని రాత్రి కాదు, 0 నుంచి 7 డిగ్రీల మధ్య గడిచే గంటలు. కశ్మీర్, సిమ్లా తరహా రకాలకి అవి సుమారు వెయ్యి కావాలి. హైదరాబాద్‌లో ఆ గంటలు దాదాపు లేవు. 1946 జనవరి 8న నమోదైన నగర రికార్డే 6.1 డిగ్రీలు. తక్కువ చలితో కాసే హెచ్ఆర్ఎమ్ఎన్–99 లాంటి రకాలున్నాయి, కానీ రకం పేరు చెప్పకుండా "కశ్మీరీ యాపిల్" అని అమ్మే మొక్కకి డబ్బు ఇవ్వకండి. ట్యులిప్ గడ్డలదీ అదే కథ. ఫ్రిజ్‌లో కనీసం 12 వారాలు ఉంచితే తప్ప పూయవు, అదే ఫ్రిజ్‌లో పండ్లు పెడితే వాటి నుంచి వచ్చే ఇథిలీన్‌కి లోపలి మొగ్గ చస్తుంది.

దుబాయ్, దోహా వాళ్లకి విజయవాడ చలికాలపు పంటలు చాలావరకు సరిపోతాయి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ అదే అసలు సీజన్. ఉప్పు పేరుకోకుండా నెలకోసారి కుండీ అడుగు నుంచి నీళ్లు బాగా కారేలా పోయాలి. మెల్‌బోర్న్ వాళ్లు మాత్రం ఇక్కడి క్యాలెండరు పక్కన పడేయాలి. వాళ్ల చలి జూన్ నుంచి ఆగస్టు, సంక్రాంతికి నడివేసవి. అక్కడి తోటమాలులు టమాటా నారు నవంబరు మొదటి మంగళవారం, మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం రోజుకి నాటుతారు. ఆ లెక్కన నారు పోయాల్సింది ఆగస్టు చివర్లో, ఇంటి లోపల, గింజ మొలిచేదాకా ట్రే కింద వేడి మ్యాట్ పెట్టి.