'తొంభై శాతం పూర్తి' గారికి

అయ్యా,

మన విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ చుట్టూ కట్టిన రేకుల కంచె మీద మీ బోర్డు చూశాం. ప్రతి నెలా విడుదలయ్యే ప్రగతి ఫొటోల్లోనూ మీరే. వెనకాల మెరిసే అద్దాల గోడ, ముందు మట్టి అంటని హెల్మెట్లు పెట్టుకుని ఎటో వేలు చూపిస్తున్న నలుగురు పెద్దమనుషులు. ఆ వేలు దేన్ని చూపిస్తోందో ఇంతవరకు ఒక్క ఫొటోలోనూ పడలేదు. మిగతా పది శాతం అటువైపే ఉందేమోనని మా అనుమానం.

మీ లెక్క ఎలా కడతారో తెలిశాక మీ మీద గౌరవం పెరిగింది. చాలాచోట్ల జరిగిన పని విలువను బట్టి, అంటే డబ్బును బట్టి కడతారట. పునాదులు, స్లాబులు, ఉక్కు పైకప్పు, అద్దాలు. డబ్బు తినేవీ ఇవే, కంటికి ఆనేవీ ఇవే. వీటి పుణ్యమా అని మీరు చకచకా ఎదిగిపోతారు. ఆ తర్వాతే అసలు తద్దినం. ఫైర్ అలారం మోగితే ఏ తలుపు మూసుకోవాలి, ఏ ఫ్యాన్ తిరగాలి, ఏ లిఫ్ట్ ఆగాలి అని ఒక్కొక్కటీ పరీక్షించాలి. మొత్తంలో దీని ఖర్చు తక్కువ, పట్టే టైమ్ ఎక్కువ. పైగా ఫొటోకి పనికిరాదు. అందుకే మీరు తొంభై దగ్గర తాపీగా కాళ్లు బారజాపుతారు.

మీ వంశంలో బెర్లిన్ శాఖ మహా గొప్పది. అక్కడి బ్రాండెన్‌బర్గ్ విమానాశ్రయం 2012 జూన్ 3న తెరవాలి. నాలుగు వారాలు కూడా లేవనగా ఆపేశారు. మంటలొస్తే పొగను బయటికి పంపే వ్యవస్థ సిద్ధం కాలేదు. పొగ పైకి పోతుంది కదా, అక్కడ కొంత భాగంలో దాన్ని కిందికి లాగేలా డిజైన్ చేశారు! ఆటోమేటిక్‌గా కుదరకపోతే తలుపుల దగ్గర మనుషుల్ని పెడదామనే ఆలోచన కూడా వచ్చింది. అడుగున ఉన్న రైల్వేస్టేషన్‌లో గాలి ఆడాలని ఖాళీ రైళ్లు తిప్పారు. చూసేవాడు లేకుండానే వెలిగీ వెలిగీ స్క్రీన్లకు ఆయుష్షు తీరిపోతే, వందల సంఖ్యలో కొత్తవి పెట్టాల్సి వచ్చింది. చివరికి 2020 అక్టోబర్ 31న తెరిచారు, కరోనా వల్ల ఎక్కేవాళ్లే కరువైన ముహూర్తం చూసి.

అమెరికాలోని డెన్వర్ విమానాశ్రయంలో 1994లో విలేకరులను పిలిచి మరీ ఆటోమేటిక్ బ్యాగేజీ వ్యవస్థను నడిపి చూపించారు. అది వాళ్ల కళ్ల ముందే సూట్‌కేసుల్ని చింపింది. విమానాశ్రయం 16 నెలలు ఆలస్యంగా 1995 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ వ్యవస్థను 2005లో వదిలించుకున్నారు.

మీ అన్నగారు 'నూరు శాతం' ఏమైనా తక్కువ తిన్నారా? లండన్ హీత్రూలో ఐదో టెర్మినల్ చెప్పిన రోజుకే, 2008 మార్చి 27న తెరిచారు. ముందే వేలమందితో ట్రయల్స్ చేశారు కూడా. అయినా మొదటి రోజే సిబ్బందికి కారు పెట్టుకునే చోటు దొరకలేదు, బ్యాగులు గుట్టలు పడ్డాయి, విమానాలు రద్దయ్యాయి. భవనం పూర్తయింది గానీ, అందులో పనిచేసేవాళ్లు ఎటు నుంచి ఎటు వెళ్లాలో పూర్తి కాలేదు. అది మీ లెక్కలో ఎన్నో శాతం కింద వస్తుంది?

ఒక చిన్న మనవి. వచ్చే నెల మీ పక్కన ఇంకో బోర్డు పెట్టించండి. అలారం మోగించి చూశారా, ఎన్ని తలుపులు మూసుకోలేదు? బెల్టు మీద వేసిన పెట్టెల్లో ఎన్ని చేరాల్సిన చోటికి చేరాయి? టాయిలెట్లలో నీళ్లొస్తున్నాయా? ఇవి రాస్తే చాలు. హెల్మెట్ల ఫొటో తీసేయక్కర్లేదు, మాకు అలవాటైపోయింది.

ఇట్లు,
పాత టెర్మినల్‌లో నిలబడటానికి చోటు వెతుక్కుంటున్న ప్రయాణికుడు

తా.క.: మధ్యలో డిజైన్ మారి పని పెరిగిందట, అందుకని మీరు 86కి దిగుతున్నారని విన్నాను. బోర్డు మీద అంకె మార్చించకండి, పెయింట్ దండగ. ఎలాగూ మళ్లీ తొంభైకే వస్తారు.