పండగ ముందు అలిగిన కుట్టుమిషనుగారికి

మహారాజరాజశ్రీ కుట్టుమిషనుగారి దివ్య సముఖానికి,

అంబాజీపేట పక్క ఊళ్ళో, మీకు ఎదురుగానే పీట మీద కూర్చుని రాసుకుంటున్న మనవి. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది ఒక్కరే. మీరు పండగ మూడు రోజులూ మూత వేసుకుని హాయిగా పడుకున్నారు. నా కుడిచేతి చూపుడువేలు మాత్రం చింతపండు పిసికితే ఇప్పటికీ చురుక్కుమంటోంది.

భోగి ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకి తమరు చేసిన నిర్వాకం గురించే ఈ ఉత్తరం. మా కోనసీమలో సంక్రాంతికి అలిగే హక్కు కొత్తల్లుడికి ఒక్కడికే ఉందండి. ఆయన అలిగితే బైకో ఉంగరమో ఇస్తాం, లేకపోతే ఇస్తామని చెప్పి వచ్చే ఏడాదికి తోస్తాం. మీరు సారెతో వచ్చిన సామాను. బిందెలు, పందిరి మంచం, పంచదార చిలకలతో పాటు మా నాన్న లారీ ఎక్కించి పంపిస్తే ఈ గుమ్మం తొక్కారు. సామానులా ఉండాలి. పంతొమ్మిదేళ్ళ తరవాత అల్లుడి వేషాలేంటి?

ఆగండి. పంతొమ్మిదేళ్ళుగా కాళ్ళతో తొక్కుతున్నదాన్ని, ఇప్పుడీ మీరూ తమరూ నా నోటికే నవ్వొస్తోంది. నువ్వు అనే పిలుస్తాను.

ఆ రాత్రి నీ దగ్గరున్న లెక్క గుర్తుందా? ఐదు జాకెట్లు, ఒక చంటిపిల్ల పట్టు పరికిణీ. పరికిణీ అయిపోయింది, భోగిపళ్ళ పిల్లది కాబట్టి ముందు దాన్నే ముగించాను. జాకెట్లలో రెండింటికి హుక్కులూ కాజాలూ మిగిలాయి. రెండు కత్తిరించి పెట్టినవి. అయిదోది వీధి చివర పెద్దింటి కోడలి పట్టు జాకెట్టు, నెమలికంఠం రంగు, చేతులకి నాలుగు వేళ్ళ వెడల్పు జరీ అంచు. ఎడమ చెయ్యి ఎక్కించేశాను. కుడి చెయ్యి చంక దగ్గర సూది దింపి నాలుగడుగులు తొక్కానో లేదో, టకటకమనే నీ గొంతు బొంగురుపోయింది. చక్రం బరువెక్కింది. ఇంకో అడుగు తొక్కితే లోపల ఏదో గుడుక్కుమంది. బట్ట తీసి తిరగేసి చూస్తే కింద గిజిగాడి గూడు. అంత దారం ఎప్పుడు మింగావో నాకు తెలీదు. కత్తెర మొనతో ఒక్కొక్క పోగూ తెంపి బయటికి లాగుతుంటే ఆ పట్టు పోగులు కూడా దాంతో వస్తున్నాయి. ఊపిరి బిగబట్టి తీశాను. చివరికి మిగిలింది ఒంటిచెయ్యి జాకెట్టు.

అప్పుడు మా ఇంట్లో ఎంతమంది మెకానిక్కులున్నారో తెలిసింది.

మా ఆయన ముందుకొచ్చి, "టెన్షన్ ఎక్కువైంది, అంతే" అన్నారు. నాకా, మిషనుకా అని అడిగాను. "ఇద్దరికీను" అని కింది దారం చుట్టి ఉండే బాబిన్ కేసు మీదున్న చిన్న మర పట్టుకుని రెండు చుట్లు తిప్పారు. ఆ మరని పావు చుట్టు తిప్పడానికి నేను తిథీ వారం చూసుకుంటాను. మా మరిది ఫోనులో హిందీ వీడియో పెట్టాడు. అతనికి హిందీ రాదు, కానీ అందులోవాడు ఏది విప్పితే ఇతను అది విప్పాడు. వాడు మళ్ళీ బిగించే లోపు మా మరిది ఫోనులో చార్జింగ్ అయిపోయింది. బట్టని జరిపే మిషను పళ్ళ మీది రేకు మర ఒకటి కనపడలేదు. మర్నాడు పొద్దున్న వాకిట్లో ముగ్గు పిండి డబ్బాలో దొరికింది. అందులోకి ఎలా వెళ్ళిందో మా చంటాడికీ దేవుడికీ తెలుసు. ఇద్దరూ చెప్పరు.

అన్నట్టు మా ఇంట్లో నా పనికి ఒక పేరుంది: "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకుంటుంది." ఆ ఖాళీలోంచే చంటాడి ట్యూషన్ ఫీజు, గ్యాస్ బండ, నెలనెలా చీటీ పాట వెళ్తాయి. నీ మీద ఎవరికీ ధ్యాస ఉండదు. నీ మూత మీద కరెంటు బిల్లు, బండి తాళాలు, అరటిపళ్ళ అత్తం, ఒక్కోసారి మా ఆయన తడి తువ్వాలు. నువ్వు ఆగిన పది నిమిషాలకి మాత్రం మా ఆయన గొంతు తగ్గించి అడిగారు: "అయితే మరి చీటీ డబ్బులో?"

రిపేరు బాబాయికి ఫోన్ చేశాను. అవతల నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు. "అత్తారింట్లో ఉన్నానమ్మాయ్, పాలకొల్లు. కనుమ నాడు కాకైనా కదలదు కదా, నేనెలా కదుల్తాను? ముక్కనుమ వెళ్ళాక వస్తా, ఆయ్" అన్నాడు. ఆయ్ అనేశాక మా గోదావరి మనిషితో ఇంక వాదన ఉండదు. పక్కింటి వదిన మిషను అడుగుదామని గోడ మీంచి చూశాను. ఆవిడ మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, ఒళ్ళో మూడు జాకెట్లు. నన్ను చూసి చేత్తో దణ్ణం పెట్టింది. గుండుసూదుల వల్ల మాట్లాడలేకపోయిందని సరిపెట్టుకున్నాను. కత్తిరించి పెట్టిన రెండు జాకెట్లవాళ్ళకీ ఫోన్ చేసి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒకావిడ తిట్టింది, ఇంకొకావిడ నిట్టూర్చింది. నిట్టూర్పే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంతలో మా అత్తయ్యగారు అరిసెల పాకం దించి, చేతులు కడుక్కుని వచ్చి, "ఇలా తే" అన్నారు.

ఆవిడది నరసాపురం వైపు. ఏడో ఏట నుంచీ లేసు అల్లారు. దొరసానులు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిపోయిన పని అది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆవిడ సరంజామా అంతా కలిపి ఒక దారపుండ, ఒక కొక్కెం సూది. దానికి నూనె పొయ్యక్కర్లేదు, బెల్టు తెగదు, పాలకొల్లులో అత్తారు లేరు. ఇది నీకు వినపడాలనే గట్టిగా రాస్తున్నాను.

ఆవిడ దారాన్ని రెండు పేటలు చేసి, కొవ్వొత్తి ముక్క మీద రెండుసార్లు లాగారు. మైనం పట్టిన దారం చిక్కు పడదు. కుడి చెయ్యికి నడిమధ్యన చిన్న గాటు పెట్టి, దాన్ని భుజం కుట్టుకి ఆనించి, అటూ ఇటూ టాకాలేసి నిలబెట్టారు. ఆ తరవాత కుట్టు మొదలు. ఒకటి ముందుకి, సగం వెనక్కి, మళ్ళీ ముందుకి. చంక గుండ్రం తిరిగే చోట కుట్లు బియ్యపు గింజలో సగం. నువ్వు పది నిమిషాల్లో దాటేసే చుట్టు అది. అర్ధరాత్రి దాటింది. ఎదురుగా కూర్చుని నేను పక్క కుట్లు వేస్తుంటే, సూది వెనక్కి దిగిన ప్రతిసారీ వేలికే దిగింది. మూడింటికి ముగించి, మిగిలిన రెండు జాకెట్ల కాజాలు పట్టుకున్నాం. తాపేశ్వరం కాజాలైతే ఈ పాటికి డబ్బా ఖాళీ చేసేదాన్ని. ఈ కాజాలు ఒక్కొక్కటీ నా ప్రాణం తిన్నాయి.

నాలుగింటికి వీధిలో భోగి మంట వేశారు. పాత చెక్క సామానుల కోసం మా మరిది ఇల్లంతా వెతుకుతూ నీ చెక్క మూత వైపు చూశాడు. నేనూ చూశాను. నువ్వు గమనించావో లేదో, ఆ క్షణంలో నిన్ను కాపాడింది నీ మీదున్న అరటిపళ్ళు.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళాను. ఏకాదశ రుద్రుల ప్రభలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి భుజాల మీద వస్తాయి. కౌశిక ఏట్లో దిగి మరీ మోసుకొస్తారు. ఊరంతా ప్రభలు చూస్తోంది. నేను పెద్దింటి కోడలి కుడి చంక చూస్తున్నాను. ప్రభ వచ్చినప్పుడల్లా ఆవిడ రెండు చేతులూ నెత్తి మీదికెత్తి దణ్ణం పెడుతుంది. పదకొండు మంది రుద్రులు. పదకొండు సార్లు నా గుండె ఆగింది. కుట్టు ఆగింది, ఊడలేదు. తిరిగొచ్చేటప్పుడు ఖర్జూరాల బండి దగ్గర పట్టుకుని, "జాకెట్టు బాగా కుదిరింది పిన్నీ! కుడి చెయ్యి మరీను. ఎడమదే కాస్త పట్టేసినట్టుంది" అంది.

ఎడమది నువ్వు కుట్టిందే.

నీ వంశం గొప్పది కాదని నేననను. 1846లో ఎలియాస్ హౌ అనే అమెరికా ఆయన, కన్ను మొన దగ్గరుండే సూదీ, కింద ఇంకో దారమూ పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. 1851లో సింగర్ ఇంకో పేటెంట్ తీసుకుని నిన్ను ఇంటింటికీ చేర్చే వ్యాపారం పట్టాడు. అదే రోజుల్లో, 1847 నుంచి 1852 దాకా, మా ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టాడు. ఒకాయన నిన్ను ఇచ్చాడు, ఇంకొకాయన నీకు తుప్పు పట్టించే తేమ ఇచ్చాడు. యంత్రాలంటే గిట్టని గాంధీగారు కూడా 1924లో నీకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక అవస్థ పడుతుంటే చూడలేక సింగర్ దీన్ని తయారుచేశాడని ఆయన మురిసిపోయారు. ఆ సింగర్‌గారికి సంసారాలు ఒకటికి మించి, పిల్లలు ఇరవై మందికి పైన. అంతమందికి గుడ్డలు కుట్టాలంటే ఎవరైనా ఏదో ఒకటి కనిపెట్టక తప్పదు.

ముక్కనుమ వెళ్ళిన మర్నాడు బాబాయి వచ్చాడు. రాగానే చక్రం తిప్పలేదు, వాసన చూశాడు. "కొబ్బరినూనె పోసిందెవరు?" అన్నాడు.

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అత్తయ్యగారు మాత్రం దూలాలు లెక్కపెట్టారు. కార్తీకంలో నువ్వు కిర్రుమంటున్నావని ఆవిడే నీ నెత్తిన ఉన్న చిల్లులన్నిట్లో నిండా పోశారట. మా ఊళ్ళో కొబ్బరినూనె తలకి, ఒంటికి, దీపానికి, మోకాళ్ళకి, చంటిపిల్లల కడుపునొప్పికి. నీకు మాత్రం ఎందుకు పనికిరాదు అనుకున్నారు. బాబాయి ఓపిగ్గా చెప్పాడు. ఆ నూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున సీసాలో పేరుకోవడం రోజూ చూస్తూనే ఉన్నాం, నీ కీళ్ళలోనూ అలాగే పేరుకుంది. కరిగినా పోకుండా బట్ట పీచుని పట్టుకుని జిగురైపోయింది. కారిన నూనె పై దారాన్ని బిగబట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకి కూడా చేరింది. బాబాయి పాత గుడ్డ ముక్క ఆ బిళ్ళల మధ్య దూర్చి లాగితే చెవిలో గుబిలి లాంటి ముద్ద వచ్చింది. అది అడ్డుపడి బిళ్ళలు దగ్గరికి రావట్లేదు, పై దారానికి బిగువు లేదు, అందుకే దారమంతా కిందికి జారి గూడు కట్టింది.

"కింద ముడి పడితే తప్పు పైన వెతకాలమ్మాయ్" అన్నాడు. మా ఆయన బాబిన్ మర వైపు చూసి దగ్గారు. కాలవ చివరి చేలకి నీళ్ళందకపోతే చివరి రైతుని ఎవరూ తిట్టరు, పైన లాకుల దగ్గరికే పోతారు. మా ఆయనకి రెండెకరాలున్నది కాలవ చివరే. నీ విషయంలో మాత్రం ఆ సంగతి తట్టలేదు.

కిరసనాయిలు పోసి కడిగాడు. నల్లగా, పాకంలా కారింది. చక్రం కాసేపు వట్టినే తిప్పించి, తుడిచి, మిషను నూనె చుక్కచుక్కగా వేశాడు. సూది తీసి వెలుతురుకి పెట్టి, "ఇది ఎప్పటిది?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. మొన వంకరపోయింది. కొత్తది పెట్టి, కొక్కెం దగ్గర మొహం పెట్టి చక్రాన్ని వేలితో కొంచెం కొంచెంగా తిప్పాడు. సూది అడుక్కి దిగి పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే కొక్కెం మొన వచ్చి ఆ ఉచ్చుని అందుకుని బాబిన్ చుట్టూ తిప్పాలి. వెంట్రుకవాసి ముందూ వెనకా అయితే కుట్టు పడదు. ఇన్నేళ్ళు తొక్కాను గానీ ఆ ముహూర్తం చూడటం అదే మొదలు. మూడుసార్లు తిప్పించుకుని చూశాను. బాబాయి నవ్వి నాలుగోసారి కూడా తిప్పాడు.

నిన్న ఆ మిగిలిన రెండు జాకెట్లూ కుట్టేశాను. నీ గొంతు మునుపటిలాగే ఉంది. నేను మెచ్చుకున్నాననుకోకు, చెప్తున్నానంతే. ఇక నుంచి నీ మూత మీద అరటిపళ్ళు పెడితే ఊరుకోనని ఇంట్లో చెప్పాను. ఆయ్ అన్నారు అందరూ.

ఇట్లు,
నిన్ను తొక్కుతూనే ఉండే
నీ యజమానురాలు

తా.క.: కొబ్బరినూనె సీసా వంటింట్లో అటక మీద దాచాను. అయితే బాబాయి ఇచ్చి వెళ్ళిన మిషను నూనె సీసా పొద్దుటి నుంచీ నీ సొరుగులో లేదు. పెరటి తలుపు కిర్రుమనడం మానేసింది. అత్తయ్యగారు మళ్ళీ దూలాలు లెక్కపెడుతున్నారు.